ఆగగలిగే బలం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం బేరాల చరిత్ర

ఆంధ్రప్రదేశ్ నైరుతి కొసన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల దగ్గర, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీద మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్నాయి. వీటి చుట్టూ పండే రెండు సరుకులు, టమాటా, పట్టుగూళ్లు, ధరలో నిలకడ లేనివి. టమాటా ధర ఒక్కోసారి కొన్ని వారాల్లోనే పదింతలు పెరుగుతుంది, అంతే వేగంగా పడిపోతుంది. ఎప్పుడు నాటాలి, ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్న ప్రశ్నతోనే ఇక్కడి రైతులు, మండీ వ్యాపారులు, చేనేత కుటుంబాలు దశాబ్దాలుగా బతుకుతున్నాయి. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టోకరెన్సీ ఎప్పుడు కొనాలన్న ప్రశ్న ఈ మధ్యనే సెల్‌ఫోన్ ద్వారా ఇదే ఇళ్లలోకి వచ్చింది. సరుకు కొత్తదే అయినా ప్రశ్న పాతది. ధర ఊగినప్పుడు లాభం ఎవరికి పోతుంది, నష్టం ఎవరి మీద పడుతుంది అన్నది ఈ ప్రాంతపు బేరాల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

రాగి పాతరల కాలం

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ప్రాంతాన్ని ఏలిన కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఏడాది పొడవునా పారే నది ఇక్కడ లేదు. మదనపల్లె పక్కన బాహుదా, కుప్పం వైపు పాలారు వానాకాలంలోనే పారతాయి. అందుకే వ్యవసాయం చెరువుల మీద, కపిల బావుల మీద, ఎక్కువగా వాన మీద ఆధారపడి సాగింది. రాగి, జొన్న, సజ్జ, ఉలవ, తర్వాతి కాలంలో వేరుశనగ మెట్ట పొలాల్లో పండేవి.

వీటిలో రాగికి ఒక ప్రత్యేకత ఉంది. దానికి పురుగు త్వరగా పట్టదు. నేలలో పాతర తవ్వి, గడ్డి పరిచి, రాగులు పోసి, మట్టితో మూసేస్తే ఏళ్ల తరబడి చెడిపోకుండా ఉంటాయి. మంచి పంట వచ్చిన ఏడాది ధర పడిపోయినా, పాతర ఉన్న రైతు అమ్మకుండా ఆగగలిగేవాడు. కరవు ఏడాది ఆ గింజలు తిండికి పనికొచ్చేవి, మిగిలితే మంచి ధరకు పోయేవి. పాతర నింపుకోలేని చిన్న రైతు కోత కాగానే అమ్మి, ఆరు నెలల తర్వాత అదే గింజను ఎక్కువ ధరకు కొనుక్కోవలసి వచ్చేది. 1876–78 నాటి మహాక్షామంలో దక్షిణాదిన లక్షలాది మంది చనిపోయారు. నిల్వ ఉన్న ఇంటికి, నిల్వ లేని ఇంటికి మధ్య తేడా ఆనాడు ప్రాణాలతో తేలింది.

పశువుల సంతలోనూ ఇదే జరిగేది. పుంగనూరు పేరు మోసిన పొట్టి జాతి ఆవు కాస్తంత ఎండుమేతతోనే బతికి పాలిస్తుంది. మేత కరువైన నేలకు సరిగ్గా సరిపోయిన జాతి అది. అయినా వాన రాని ఏడాది అందరికీ ఒకేసారి గడ్డి అయిపోయేది. అందరూ ఒకే నెలలో పశువులను సంతకు తోలడంతో ధర సగానికి పడిపోయేది. మళ్లీ వాన పడగానే దుక్కికి ఎద్దులు కావాలి. అప్పుడు అందరూ కొనేవారే కనుక ధర ఎక్కేది. రైతుకు ఈ సంగతి తెలియక నష్టపోయాడనుకోవడం పొరపాటు. తక్కువలో అమ్ముతున్నానని, ఎక్కువలో కొంటున్నానని అతనికి తెలుసు. రెండు నెలలు ఆగడానికి సరిపడా గడ్డివామి లేకపోవడమే అతని కష్టం.

టమాటా రాక

అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వారి ద్వారా భారతదేశానికి చేరిన టమాటా చాలాకాలం పెరటి కూరగాయగానే ఉండిపోయింది. దాన్ని వ్యాపార పంటగా మార్చినవి మూడు: హైబ్రిడ్ విత్తనం, బోరుబావి, లారీ. బెంగళూరులోని ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ సంస్థ 1973లో కర్ణాటక హైబ్రిడ్ అనే టమాటా రకాన్ని విడుదల చేసింది. హేసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ అర్క పేరుతో వరుసగా రకాలు ఇచ్చింది. తర్వాత ప్రైవేటు కంపెనీల విత్తనాలు వచ్చాయి. గట్టి తోలుతో, దూర ప్రయాణానికి తట్టుకునే సాహో వంటి రకాలు ఈ ప్రాంతంలో బాగా వ్యాపించాయి. బెంగళూరు, చెన్నై రెండూ కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే ఉండడం కలిసొచ్చింది.

కుప్పంలో 1990ల చివర ఇజ్రాయెల్ పద్ధతి సేద్యపు ప్రదర్శన క్షేత్రం మొదలైంది. దాని ఖర్చు మీద, చిన్న రైతుకు అది పనికొస్తుందా అన్న దాని మీద అప్పట్లో గట్టి వాదనలు జరిగాయి. బిందు సేద్యం మాత్రం నిలిచింది. 2003లో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మ సేద్య పథకాన్ని రాయితీలతో ప్రారంభించాక డ్రిప్పు పైపులు మామూలు రైతు పొలానికీ చేరాయి. బోరులో వచ్చే సన్నటి ధారతోనే ఎకరం, రెండెకరాలు కూరగాయ పండించడం వీలయింది.

ఎత్తు ఈ పంటకు పెద్ద బలం. ఎండలు ముదిరాక మైదాన ప్రాంతాల్లో టమాటా పూత రాలిపోతుంది. ఉత్తరాదిన వేసవి చివర, వానాకాలం తొలి నెలల్లో పంట కరువవుతుంది. ఆ సమయంలో చల్లటి పీఠభూమి మీద ఉన్న మదనపల్లె, పక్కనే కర్ణాటకలో ఉన్న కోలారు దేశానికి పెద్ద దిక్కు అవుతాయి. ఢిల్లీ, కోల్‌కతా, రాయ్‌పూర్ వ్యాపారులు ఇక్కడికి వచ్చి కొంటారు. చలికాలంలో నాసిక్ మొదలుకొని ఊరూరా పంట దిగుతుంది. అప్పుడు మదనపల్లె సరుకుకు గిరాకీ తగ్గుతుంది. ధర ఏడాదిలో ఒకసారి ఎక్కి, ఒకసారి దిగడానికి ఇదే పునాది.

యార్డులో ఒక ఉదయం

మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు నీరుగట్టువారిపల్లెలో ఉంది. పుంగనూరు, పలమనేరు, వి.కోట, గుర్రంకొండ, కలికిరి, అంగళ్లు, ములకలచెరువులలోనూ మార్కెట్లు ఉన్నా, ఈ ప్రాంతంలో ధర చెప్పేది మదనపల్లె. తెల్లవారకముందే ఆటోలు, ట్రాక్టర్లు, మినీ లారీలు ప్లాస్టిక్ క్రేట్లతో వచ్చి మండీల ముందు నిలుస్తాయి. ఒక్కో క్రేటులో సుమారు పాతిక నుంచి ముప్పై కిలోల కాయ పడుతుంది. సరుకును సైజును బట్టి, రంగును బట్టి వేరు చేస్తారు. పూర్తిగా పండినది దగ్గరి ఊళ్లకు, దోరకాయ దూరపు లారీలకు పోతుంది. మూడు నాలుగు రోజులు ప్రయాణించి ఢిల్లీ చేరేసరికి దోరకాయ ఎర్రబడుతుంది. మచ్చకాయ, పగిలిన కాయ పక్కకు పోతాయి.

వేలం మొదలయ్యాక ఒక్కో రాశికి బేరం నిమిషాల్లో తేలిపోతుంది. మొదటి రకానికి ఒక ధర, రెండో రకానికి మరో ధర. రైతు అక్కడే నిలబడి వింటాడు. ధర నచ్చకపోతే సరుకు వెనక్కు తీసుకుపోయే హక్కు అతనికి ఉంది. ఆ హక్కు వాడుకునేవారు అరుదు. తిరుగు బాడుగ మీద పడుతుంది, సాయంత్రానికి కాయ మెత్తబడుతుంది, పొలంలో రేపటి కోత సిద్ధంగా ఉంటుంది. దీనికి తోడు చాలామంది రైతులు మందులకు, కట్టెలకు, కూలీలకు మండీ యజమాని దగ్గరే ముందుగా డబ్బు తీసుకుని ఉంటారు. తీసుకున్న మండీకే సరుకు వేయాలన్నది చెప్పకనే చెప్పిన షరతు.

ధర ఎంత పలికినా కమీషను, హమాలీ, బాడుగ తప్పవు. నిబంధనలు చెప్పిన దానికన్నా ఎక్కువ కమీషను కోస్తున్నారని, జాక్‌పాట్ పేరుతో కొన్ని క్రేట్లను లెక్కలోంచి తీసేస్తున్నారని రైతులు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూ వచ్చారు. వినియోగదారుడు టమాటాకు పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు దక్కేది సుమారు మూడో వంతేనని రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రం లెక్క కట్టింది.

మూడు నెలల ఎడం

నారు పోసిన దగ్గర్నుంచి నాటు వేయడానికి దాదాపు నెల పడుతుంది. నాటిన రెండు నెలలకు మొదటి కోత వస్తుంది. ఆ తర్వాత నెలన్నర, రెండు నెలల పాటు విడతలుగా కోతలు సాగుతాయి. అంటే ఇవాళ యార్డులో పలికే ధర మూడు నెలల కిందటి నిర్ణయాల ఫలితం. ఇవాళ్టి ధర చూసి పోసే నారు మూడు నెలల తర్వాతి ధరను ఎదుర్కొంటుంది. ధర బాగున్నప్పుడు నర్సరీల ముందు రైతులు బారులు తీరుతారు, నారుకే కరువు వస్తుంది. అందరి కోతా ఒకేసారి దిగాక ధర కూలుతుంది. కూలిన ధర చూసి అందరూ పంట మానేస్తే మళ్లీ కొరత, మళ్లీ గరిష్ఠ ధర. ఆర్థికశాస్త్రంలో దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు. నికొలస్ కాల్డర్ 1934లో ఆ పేరు పెట్టాడు, మార్డెకాయ్ ఎజెకీల్ 1938లో దాన్ని విపులంగా వివరించాడు.

దీని మీద వాన, తెగులు తోడవుతాయి. 2021 నవంబరులో రాయలసీమను ముంచెత్తిన వానలకు పొలాల్లో నీరు నిలిచి చెట్లు చచ్చిపోయాయి. మదనపల్లెలో కిలో వంద రూపాయలు దాటింది. ఆ ధర అందుకోవడానికి ఎక్కువమంది రైతుల దగ్గర కాయ లేదు. వారి కాయ పోబట్టే ఆ ధర వచ్చింది.

2023లో ఇంతకు మించిన ఊపు వచ్చింది. వేసవిలో ధర లేక చాలామంది తోటలు వదిలేశారు. తెల్లదోమ వల్ల వచ్చే ఆకుముడత వైరస్ కోలారు వైపు పంటను దెబ్బతీసింది, ఉత్తరాదిన ముందుగా కురిసిన భారీ వానలు అక్కడి పంటను తుడిచేశాయి. జూలై చివరికి మదనపల్లెలో మొదటి రకం కిలో 200 రూపాయల అంచుకు చేరింది. ఆ నెల దేశంలో టమాటా చిల్లర ధర ఏడాది కిందటి కన్నా 200 శాతం పైగా పెరిగింది, చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎక్కింది. కేంద్ర ప్రభుత్వం సహకార సంస్థల ద్వారా మదనపల్లె, కోలారు, మహారాష్ట్రలోని సంగమ్‌నేర్‌లలో కొనిపించి, జూలై 14 నుంచి ఢిల్లీలో కిలో 90 రూపాయలకు అమ్మించింది. ఆగస్టులో నేపాల్ నుంచి కూడా టమాటా దిగుమతి అయింది. జూలైలో కొందరు రైతులు కోటీశ్వరులైన కథలు దేశమంతా పాకాయి. అవి చూసి నారు కొని నాటినవారి కాయ మార్కెట్‌కు చేరేసరికి, సెప్టెంబరులో, రాయలసీమ మార్కెట్లలో కిలో పది రూపాయల లోపుకు పడిపోయింది. కోత కూలి కూడా రాదని కొందరు పండిన కాయను తోటలోనే వదిలేశారు, కొందరు రోడ్డు పక్కన పారబోశారు.

పట్టుగూడు చెప్పే రెండో కథ

టమాటా యార్డు ఉన్న నీరుగట్టువారిపల్లె పట్టుచీరల మగ్గాలకూ పేరు పొందిన ఊరు. ఆ మగ్గాలకు కావలసిన పట్టుదారం ధర గూళ్ల ధరతో ముడిపడి ఉంటుంది. కుప్పం, పలమనేరు, మదనపల్లె ప్రాంతాల్లో మల్బరీ తోటలు వేసి పట్టుపురుగులు పెంచే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పురుగు గూడు కట్టేసరికి నాలుగు వారాలు పడుతుంది. గూడు కట్టాక రెండు వారాల లోపే చిలుక దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. చీలిన గూడు నుంచి పొడవాటి దారం తీయలేరు. అందుకే గూళ్ల రైతు ఆగలేడు. ఏ రోజు ధర ఉంటే ఆ రోజే గూళ్ల మార్కెట్‌లో అమ్మాలి. గూడును దారంగా తీసిన రీలరు కొన్నాళ్లు ఆగగలడు. దారం కొని పెట్టుకున్న వ్యాపారి నెలలు ఆగగలడు.

2011 బడ్జెట్‌లో కేంద్రం ముడి పట్టు మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. చైనా దారం చౌకగా వచ్చింది. గూళ్ల ధర కుప్పకూలింది, కర్ణాటకలో రైతులు వీధికెక్కారు, ఇటువైపు మల్బరీ తోటలు దున్నేసినవారూ ఉన్నారు. రైతు కుటుంబాన్ని దెబ్బతీసిన అదే ధర చేనేత కుటుంబానికి దారం ఖర్చు తగ్గించింది. సుంకం 2013లో 15 శాతానికి పెరిగింది. ఈ మార్పుల్లో ఏ ఒక్కటీ కుప్పం రైతు ఊహించగలిగింది కాదు. ధరను నిర్ణయించే మాట ఎక్కడో దూరాన పుట్టినప్పుడు, ఎంత అనుభవమున్న మనిషైనా ఫలానా రోజున ధర పెరుగుతుందని చెప్పలేడు.

ఆదుకునే ప్రయత్నాలు

1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం బహిరంగ వేలాన్ని, తూకాన్ని, కమీషన్లను అదుపులోకి తేవడానికి పుట్టింది. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు దళారి లేకుండా అమ్ముకునే దారి చూపాయి. కానీ ఒక రైతు బజారులో అమ్ముడయ్యేది బుట్టల లెక్క, మదనపల్లె యార్డుకు సీజనులో వచ్చేది లారీల లెక్క. కేంద్రం 2018–19 బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, బంగాళదుంపల కోసం 500 కోట్ల రూపాయలతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించింది. రవాణాకు, నిల్వకు సగం ఖర్చు రాయితీగా ఇవ్వడం అందులో ఒక భాగం.

నిల్వ అన్న మాట దగ్గరే టమాటా మొరాయిస్తుంది. బంగాళదుంపలా అది నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉండదు, రెండు మూడు వారాలకే చెడుతుంది. గుజ్జు తీసి నిల్వ చేయవచ్చు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు కర్మాగారాలు చాలానే ఉన్నాయి. అయితే కూరకు పండించే హైబ్రిడ్ కాయలో నీరు ఎక్కువ, గుజ్జుకు గట్టి కండ ఉన్న రకాలు కావాలి. ఆ రకాలు పండించాలంటే ముందే ధర ఒప్పుకున్న కొనుగోలుదారు కావాలి. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ హామీలు పెరిగినంతగా గుజ్జు కర్మాగారాలకు పోయే కాయ పెరగలేదు.

ఊళ్లు నేర్చుకున్న పద్ధతులు

ధరను ముందుగా కనిపెట్టడం ఎవరికీ సాధ్యం కాలేదు. నిలదొక్కుకున్న కుటుంబాలు ఆ ప్రయత్నం మానుకుని వేరే దారి పట్టాయి. రెండెకరాలున్నవారు మొత్తం ఒకేసారి నాటకుండా, అరెకరం చొప్పున కొన్ని వారాల ఎడంతో విడతలుగా నాటుతారు. ఒక విడతకు ధర లేకపోయినా మరో విడతకు దొరుకుతుంది. అత్యధిక ధర మొత్తం పంటకు దక్కదు, అత్యల్ప ధర మొత్తం పంటను ముంచదు. టమాటా పక్కన బీన్సు, వంకాయ, మల్బరీ, రెండు పాడి ఆవులు ఉంటాయి. పాల డబ్బు వారం వారం వస్తుంది కనుక టమాటా కోసం మండీ దగ్గర చేసే అప్పు తగ్గుతుంది. అప్పు తగ్గినవాడికి ఏ మండీకైనా సరుకు వేసే స్వేచ్ఛ ఉంటుంది.

2023 జూలైలో బాగుపడినవారిలో ఎక్కువమంది ఆ ధరను ఊహించి నాటినవారు కారు. ధర లేని వేసవిలోనూ ఎప్పటిలాగే ఒక విడత నాటినవారు, ఆ విడత పోయినా తట్టుకోగల స్థితిలో ఉన్నవారు. దెబ్బతిన్నవారు ధర చూశాక అప్పు తెచ్చి, కౌలుకు తీసుకుని, ఉన్నదంతా ఒకే పంటకు పెట్టినవారు.

క్రిప్టోకు వర్తించేది, వర్తించనిది

బిట్‌కాయిన్ ధర 2021 నవంబరులో దాదాపు 69,000 డాలర్లకు ఎక్కి, ఏడాది తిరిగేసరికి 16,000 డాలర్ల దిగువకు పడి, 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది. టమాటాకూ దీనికీ రెండు పెద్ద తేడాలున్నాయి. ధర పెరిగితే రైతులు ఎక్కువ టమాటా నాటగలరు. బిట్‌కాయిన్ల సంఖ్య 2.1 కోట్లకు మించకూడదన్నది దాని నిర్మాణంలోనే ఉంది, దాదాపు నాలుగేళ్లకోసారి కొత్త నాణేల రాక సగానికి తగ్గుతుంది. కాబట్టి ధర మొత్తం కొనేవారి ఉత్సాహం మీదే ఆడుతుంది. రెండోది, టమాటాకు తినేవారున్నారు. ధర ఎంత పడినా ఎవరో ఒకరు కూరకు కొంటారు. బిట్‌కాయిన్‌కు అలాంటి అడుగు మట్టం లేదు. మరోవైపు అది కుళ్లదు, చిలుక చీల్చుకుని బయటికి రాదు. కొన్నవాడు పాతరలో రాగిలా ఏళ్ల తరబడి ఉంచుకోవచ్చు.

అయినా ధర ఎక్కినప్పుడు జనం నడిచే తీరు ఒకటే. అంతర్జాతీయ చెల్లింపుల బ్యాంకు 2022 నవంబరులో 95 దేశాల సమాచారంతో ఒక అధ్యయనం వెలువరించింది. బిట్‌కాయిన్ ధర పెరుగుతున్న కొద్దీ కొత్తవాళ్లు యాప్‌లలో చేరారని, చిన్న మదుపరులు కొంటున్న వేళ పెద్ద మొత్తాలున్నవారు అమ్ముకున్నారని, కొన్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది నష్టపోయి ఉంటారని అందులో తేలింది. జూలై ధర చూసి నారు కొని, సెప్టెంబరు ధరకు అమ్మిన రైతు ఈ లెక్కలో స్పష్టంగా కనిపిస్తాడు.

మండీ కమీషను లాంటిది ఇక్కడా ఉంది. ఎక్స్‌ఛేంజీ ప్రతి కొనుగోలు మీద, అమ్మకం మీద రుసుము తీసుకుంటుంది. భారతదేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒక నాణెం మీద వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో తగ్గించుకోవడానికి వీల్లేదు. 2022 జూలై 1 నుంచి నిర్ణీత పరిమితి దాటిన ప్రతి అమ్మకం మీద ఒక శాతం మూలంలోనే పన్ను కోస్తారు. సరైన రోజు కోసం మాటిమాటికీ కొని అమ్మేవాడి నుంచి ఈ కోతలన్నీ ప్రతిసారీ పోతాయి.

కాబట్టి ఎప్పుడు కొనాలన్న ప్రశ్నకు ముందు అడగవలసిన ప్రశ్నలు మూడు. ఆ డబ్బు సొంతమా, అప్పా? ధర నాలుగో వంతుకు పడి రెండేళ్లు అలాగే ఉంటే, ఇల్లు గడవడానికి దాన్ని తీయవలసి వస్తుందా? పెట్టేది ఒకేసారి పెడుతున్నారా, విడతలుగానా? మొత్తం పోయినా ఇబ్బంది లేనంత సొమ్మును విడతలుగా పెట్టేవాడికి కొన్న రోజు ఏదన్నది పెద్ద విషయం కాదు. అప్పు తెచ్చి ఒకేసారి పెట్టేవాడికి ఏ రోజూ మంచి రోజు కాదు. మదనపల్లె యార్డులో ధర నచ్చకపోయినా సరుకు వెనక్కు తీసుకుపోలేని రైతుకు వచ్చిన కష్టమే అతనికీ వస్తుంది. పీఠభూమి మీద నూటయాభై ఏళ్ల బేరాల్లో గెలిచినవారిని, ఓడినవారిని వేరు చేసింది ధర గురించిన జోస్యం కాదు, ధర పడినప్పుడు అమ్మకుండా ఆగగలిగే బలం. ఆ బలం ఎంత ఉందో ముందుగా కొలుచుకున్నవాడు ఎంత కొనాలో కూడా తేల్చుకోగలడు.